కొత్తల్లుడి కింద దిండు

పోయిన వారం తాళాలక్కని ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? మంచం మీదే. పాపం, ఇంకెక్కడికి పోతుంది? కుడి మోకాలు మార్పించుకుని ఇంటికొచ్చి మూడు వారాలు కావస్తోంది. కింద ఆమె తాళాల షాపు, పైన ఆమె ఇల్లు, మధ్యలో మెట్లు. ఆ మెట్లు ఇప్పుడు ఆమెకి ఏడు సముద్రాలతో సమానం.

ఈలోగా ఊళ్ళో రెండిళ్ళల్లో దొంగలు పడ్డారు. ఒక్క తాళమూ పగల్లేదు, ఒక్క గడియా విరగలేదు. సొంతింటికి వచ్చినట్టు తాళం తీసుకుని వచ్చి, వెళ్తూ వెళ్తూ మళ్ళీ తాళం వేసుకుని మరీ పోయారు. రెండో ఇంట్లో అడ్డొచ్చిన వాచ్‌మన్ తల పగిలి, ఆస్పత్రిలో ఇంకా కళ్ళు తెరవలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఆమె మంచం పక్కనే కుర్చీ వేసుకుని, చాలా మర్యాదగా, "ఆ రెండిళ్ళ తాళాలూ మీ చేతి మీదుగా వెళ్ళినవేనటగా?" అని అడిగి వెళ్ళాడు. ఆయన వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం, మూసి ఉన్న షాపులోంచి, నేలని తొలుచుకుంటూ, ఆమె సొంత కీ మిషను గుయ్యిమన్న చప్పుడు ఆమె చెవిన పడింది.

"పక్కింటి వాళ్ళ మోటారక్కా," అన్నాడు తమ్ముడు, చదువుతున్న పేపరు దించకుండానే.

ఆ మిషను ముందు కూచుని జుట్టు నెరిసిన మనిషికి మోటారు చప్పుడేదో మిషను చప్పుడేదో తెలీదా? తెలుసు. తెలిసి ఏం లాభం? షటరు ఎత్తి లోపలున్నదెవరో తన కళ్ళతో చూడాలి. అప్పుడు గానీ ఆమెకి ముద్ద దిగదు. వీధిలో ప్రతి తలుపూ ఆమెని నమ్మి మూసుకున్నదే. ఆ నమ్మకం పోతే ఇక ఆమెకి మిగిలేది ఇనప ముక్కలే. కానీ చూడాలంటే దిగాలి. దిగాలంటే నడవాలి. నడవాలంటే కొత్తల్లుడు దయ తలచాలి.

కొత్తల్లుడంటే ఆమె కొత్త మోకాలే. ఆస్పత్రిలో ఉండగానే ఆ పేరు పెట్టుకుంది. "కొత్తల్లుడు కాకపోతే ఏంటి మరి? తెల్లారితే అలక. కాస్త పని చెబితే మొహం వాచిపోతుంది. ఐసు పెట్టాలి, ఎత్తు మీద కూచోబెట్టాలి, పక్కన కూచుని బతిమాలాలి. అంత చేసినా వంగమంటే వంగడు," అని నర్సులకి చెబితే వాళ్ళు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వులు ఆస్పత్రి గేటు దగ్గరే ఆగిపోయాయి. ఇంటికొచ్చిన మొదటి వారం వాకరు పట్టుకుని వంటింటి దాకా నడిచింది. రెండో వారం బాత్రూమ్ దాకా. ఇప్పుడు మంచం దిగాలన్నా తమ్ముడి భుజం కావాలి. అందరికీ రోజు రోజుకీ తగ్గే జబ్బు, తనకి రోజు రోజుకీ ఎందుకు ముదురుతోందో ఆమెకి అర్థం కాలేదు. వయసై ఉంటుందిలే అనుకుంది. మనిషి తనని తాను సమాధానపరుచుకోవాలంటే వయసంత వీలైన సాకు ఇంకోటి లేదు.

తమ్ముడు బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడు. పెళ్ళీ పెటాకులూ లేనివాడు. అక్కకి ఆపరేషనంటే పెట్టె సర్దుకుని వచ్చేశాడు. వస్తూ వస్తూ తన పాత విజిలు తెచ్చి ఆమె మెళ్ళో వేశాడు. "ఒక విజిలు వేస్తే మంచినీళ్ళు. రెండు వేస్తే బాత్రూమ్. అరవకు, గొంతు పోతుంది," అన్నాడు. మొదట్లో అది తమాషాగానే ఉంది. ఇప్పుడు విజిలు నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ ఆమెకి ఏడుపొస్తోంది. ఊళ్ళో ఎవరి తలుపైనా తెరవగలిగిన మనిషి, తన బాత్రూమ్ తలుపు దాకా వెళ్ళడానికి విజిలు ఊదాల్సి వస్తే రాదూ మరి?

ఇవాళ మధ్యాహ్నం కూడా అలాగే పడుకుని, ఫాను తిరిగే చప్పుడు వెనక ఇంకేదైనా చప్పుడుందేమోనని చెవులు రిక్కించి వింటోంది. మెట్ల మీద అడుగులు. తమ్ముడివి కావు, అతను వంటింట్లో టీ కాస్తున్నాడు. తలుపు తోసుకుని వచ్చిన మనిషిని చూసి ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

వచ్చింది హింస టీచరు. అసలు ఉద్యోగం ఫిజియోథెరపిస్టు. ఆస్పత్రిలో ఆమె చేత మోకాళ్ళు వంపించుకున్న వాళ్ళందరూ కలిసి ఏకగ్రీవంగా పెట్టుకున్న పేరది. ఇంటికొచ్చాక మొదటి వారం వచ్చి నడిపించింది. ఆ తర్వాత మళ్ళీ కనపళ్ళేదు.

"నా బెల్టు మీ ఇంట్లోనే మర్చిపోయాను ఆంటీ. పక్క వీధిలో ఇంకో పేషెంటు ఉంటే, ఇటు నుంచి ఇటే తీసుకెళ్దామని వచ్చాను," అంది, నడిపించేటప్పుడు పేషెంటు నడుముకి కట్టి పట్టుకునే వెడల్పాటి బెల్టుని గోడ మీంచి అందుకుంటూ. "ఎలా ఉన్నాడు కొత్తల్లుడు?"

"సెలవు అయిపోయిందా అమ్మాయ్?"

"సెలవా? నాకెవరిస్తారు సెలవు?"

"సెలవులో వెళ్ళావనీ, ఇప్పట్లో రావనీ చెప్పారే."

హింస టీచరు బెల్టు మడతపెట్టడం ఆపింది. "మీరే కదా నన్ను మాన్పించింది. దగ్గర్లో ఇంకెవరో దొరికారు, ఇక రావక్కర్లేదని ఫోన్ చేయించారు."

"నేనా? ఎవరు చేశారు ఆ ఫోను?"

"ఆడగొంతు. తాళాలమ్మగారింటి నుంచి అంది. అంతే. పోనీ, ఆ వచ్చేవాళ్ళు బాగా చేయిస్తున్నారా?"

"ఎవరూ రావట్లేదు," అంది తాళాలక్క. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గానీ, అదెంత వింతగా ఉందో ఆమెకి తోచలేదు.

హింస టీచరు బెల్టు పక్కన పెట్టింది. మంచం దగ్గరికొచ్చి దుప్పటి ఎత్తింది. మోకాలి కింద లావుపాటి దిండు, దాని మీద ఇంకో చిన్న దిండు, వాటి మీద సింహాసనం ఎక్కినట్టు కొత్తల్లుడు.

"ఇదేంటి?"

"దిండు."

"దిండని నాకూ తెలుసు ఆంటీ. మోకాలి కిందికి ఎలా వచ్చింది?"

"అలా పెట్టుకుంటే హాయిగా ఉంటోంది."

"హాయిగానే ఉంటుంది. ఆ హాయి వద్దనేగా ఆస్పత్రిలో నేను గొంతు చించుకుంది. పెడితే మడమ కింద పెట్టాలి. మోకాలి కింద ఖాళీ ఉండాలి. తన బరువుకి తనే సాగి తిన్నగా అవ్వాలి. మీకు గుర్తులేదా?"

"ఉంది. కానీ డాక్టరు మార్చి చెప్పాడటగా. మడమ కింద పెడితే కుట్లు లాగేస్తాయి, మోకాలి కిందే పెట్టమన్నాడట."

"ఏ డాక్టరు? నేను రోజూ ఆయన వార్డులోనే చస్తున్నాను. ఆయన నోట్లోంచి అలాంటి మాట రాదు."

హింస టీచరు రెండు దిండ్లూ మెల్లిగా లాగేసింది. దిండ్లు పోయినా కాలు మాత్రం దిండ్లున్నట్టే వంగి నిలబడింది. ఆ మోకాలి కింద ఖాళీలోకి టీచరు తన చెయ్యి పెట్టి అటూ ఇటూ తిప్పింది.

"ఇక్కడ నా చెయ్యి దూరకూడదు. పోయినసారి నేను చూసినప్పుడు దూరలేదు కూడా. ఇప్పుడు పిల్లి దూరి, ఈని, పిల్లల్ని వెంటేసుకుని బయటికి రావచ్చు."

తాళాలక్కకి నవ్వు రాలేదు. "ఇలాగే ఉండిపోతే?"

"వెనక కండరం బిగుసుకుంటుంది. ఇంకొన్నాళ్ళు దిండు మీద పెట్టి మర్యాదలు చేశారంటే, ఇక జన్మలో తిన్నగా రాదు. కుంటడమే. మెట్లు మర్చిపోవడమే." గొంతు తగ్గించింది. "భయపడకండి. ఇంకా చెయ్యి దాటిపోలేదు. కానీ నొప్పి పుడుతుంది."

మడమ కింద చిన్న దిండు పెట్టి, "మోకాలిని పరుపులోకి అదమండి," అంది. తాళాలక్క అదిమింది. కదల్లేదు. మళ్ళీ అదిమింది. ఏళ్ళ తరబడి వానకి తడిసిన గడియని చుక్క నూనె లేకుండా లాగినట్టు, లోపలెక్కడో కిర్రుమంది. కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడుచుకోలేదు. ఈ నొప్పిని ఇన్నాళ్ళూ తన దగ్గరికి రానివ్వకుండా ఎవరో అడ్డంగా నిలబడ్డారు. జాలిపడి కాదు. ఈ నొప్పి దాటితే మెట్లున్నాయి, మెట్లు దాటితే షాపుంది. అందుకు.

సరిగ్గా అప్పుడే తమ్ముడు టీ గ్లాసులతో వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"మేడమ్‌గారు ఎప్పుడొచ్చారు? సెలవన్నారే."

"ఎవరన్నార్రా సెలవని?" అంది తాళాలక్క.

"ఎవరో ఒకరన్నార్లే. టీ చల్లారిపోతుంది, తాగండి మేడమ్."

"టీ అక్కడ పెట్టు. ఇలా రా. నా కాలి కింద రోజూ పొద్దున్నే ఆ దిండు సర్దుతున్నదెవరు?"

"నేనే. నీ చాకిరీ చెయ్యడానికి ఇంకెవరున్నారు?"

"వాకరు తీసుకెళ్ళి ఆ మూల బీరువా పక్కన పెట్టింది?"

"నేనే."

"నేను మిషను చప్పుడంటే మోటారన్నది?"

"అక్కా, నువ్వు నన్ను టిక్కెట్టు లేకుండా ఎక్కినవాణ్ణి పట్టుకున్నట్టు చూస్తున్నావు. సర్వీసంతా నేనే ఆ చూపు చూశాను. నా మీద పడితే ఎలా ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది." గ్లాసులు బల్ల మీద పెట్టాడు. ఆ విసురుకి టీ ఒలికింది. "నీ ఇంట్లో నాకేం కావాలి? నా చేత్తో నీకు స్నానానికి నీళ్ళు తోడాను. నీ జుట్టు చిక్కు తీసి జడ వేశాను, అదీ నీకు నచ్చలేదనుకో. నీ కాలు పాడుచేసి నేనేం మూట కట్టుకుంటాను?"

"నీకెవరు చెప్పారో అది చెప్పు."

"చెప్పకూడదా ఏంటి? కోడలు పిల్ల చెప్పింది."

"ఏ కోడలు పిల్ల?" అంది తాళాలక్క, ఉన్నది ఒక్కతే అని తెలిసి కూడా.

"నాకెంతమంది మేనకోడళ్ళున్నారు? నీ కూతురే. పాపం, అంత దూరంలో ఉద్యోగం చేసుకుంటూ మూడు పూటలా ఫోన్ చేస్తుంది. డాక్టరుతో తనే మాట్లాడానంది. దిండు మోకాలి కింద పెట్టు మావయ్యా, వాకరు దగ్గరుంటే అమ్మ ఊరుకోదు, దిగి పడుతుంది, దూరంగా పెట్టు మావయ్యా అంది. టీచరు సెలవులో ఉంది, వేరేవాళ్ళని నేను చూస్తానంది. కన్నకూతురు చెబితే వినక, నేను డాక్టరు దగ్గరికెళ్ళి ఎదురు సాక్ష్యం అడుగుతానా?"

తాళాలక్కకి ముందు కోపం రాలేదు, సిగ్గేసింది. హింస టీచరు ముందు కూతుర్ని కాపాడుకోవాలనిపించింది. "అది తప్పు విని ఉంటుందమ్మా," అంది. "చిన్నప్పట్నుంచీ అంతే. ఒకటి చెబితే ఇంకోటి వింటుంది. ఎవరో నర్సుతో మాట్లాడి డాక్టరనుకుని ఉంటుంది."

"అయ్యుండొచ్చు," అంది హింస టీచరు, అలా అనుకోవడం లేదని తెలిసిపోయే గొంతుతో. తర్వాత ఏదో గుర్తొచ్చి జేబులో చెయ్యి పెట్టింది. "అన్నట్టు ఆంటీ, ఇది మీదేనా? మీ మెట్ల కింద నా చెప్పు అడుక్కి గుచ్చుకుంది. కాస్తలో కాలు తెగేది."

అరచేతిలో ఒక తాళంచెవి పెట్టింది. సగం పళ్ళు కోసి, పాడైతే పారేసినది. ఇత్తడి ఇంకా కొత్త బంగారంలా మెరుస్తోంది. మెట్ల పక్కనే షాపు వెనక తలుపు. షాపు మూసేసిన ఇన్నాళ్ళకి అక్కడ పాత ఇత్తడి ఏదైనా పడి ఉంటే నల్లబడి ఉండాలి. ఇది నల్లబడలేదు.

తాళాలక్క దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. మిషను మీద కోసి, ఆకురాయితో చేత్తో సవరించారు. ఆకురాయి గీతలు పళ్ళ మీద సన్నగా వాలి ఉన్నాయి. కుడిచేత్తో రుద్దితే గీతలు ఒక పక్కకి వాలతాయి. ఇవి రెండో పక్కకి వాలి ఉన్నాయి.

ఎడంచేతి గీతలు.

ఆమె తన విద్య ఎవరికీ నేర్పలేదు, ఒక్కరికి తప్ప. ఆ ఒక్కరిదీ ఎడంచేతి వాటం. తాళంచెవిని కదలకుండా పట్టే వైసు కుడిచేతి వాళ్ళకి అమర్చినది, బిగించిన ప్రతిసారీ ఆ పిల్లకి అడ్డొచ్చేది. "కుడిచేత్తో రుద్దవే," అని ఈమె, "నీ చెయ్యి నీది, నా చెయ్యి నాది," అని ఆ పిల్ల. చివరికి ఓ రోజు ఆకురాయి విసిరికొట్టి, ఈ ఇనప కంపులో నేనుండనని పెద్ద హోటల్లో ఉద్యోగం వెతుక్కుని, రైలెక్కి వెళ్ళిపోయింది. ఆపరేషనుకి రమ్మంటే సెలవు దొరకలేదంది.

"ఏంటక్కా అలా అయిపోయావు?" అన్నాడు తమ్ముడు.

"ఏం లేదు. నొప్పి."

అబద్ధం కాదు. ఎక్కడ అన్నదొకటే చెప్పలేదు.

అతనికి చెప్పొచ్చు. కానీ చెబితే ఏమవుతుంది? కడుపులో మాట దాచుకోవడం తెలీని మనిషి, వీధి చివర దాకా వినిపించేలా గొంతెత్తుతాడు. వెంటనే ఇన్‌స్పెక్టరు. ఆస్పత్రిలో వాచ్‌మన్‌కి ఏదైనా జరగరానిది జరిగితే, ఆ నేరం ఎవరి మెడకి చుట్టుకుంటుంది? ఈ తాళంచెవి పట్టుకున్న చేతికి. ఆ చేతిని మొదటిసారి పట్టుకుని నడిపించింది తనే. లేదు, ఏదో పొరపాటు. లోకంలో ఎడంచేతి వాళ్ళు ఇంకెవరూ లేరా?

హింస టీచరు వాకరు తెచ్చి మంచానికి ఆనించింది. "ఇది ఇక్కడి నుంచి కదపకండి సార్. నేను రేపు పొద్దున్నే వస్తాను. ఎవరు ఫోన్ చేసి వద్దన్నా వస్తాను. ఆంటీ, మోకాలు అదమడం మానకండి. అదిమే ముందు నొప్పి మాత్ర వేసుకోండి, అదిమాక ఐసు పెట్టండి. పిక్క నొప్పి పుట్టినా, ఎర్రబడి వేడిగా తగిలినా మాత్రం ఆగకుండా ఆస్పత్రికి ఫోన్ చెయ్యండి."

"మెట్లు ఎప్పుడు దిగుతానమ్మాయ్?"

"నేర్పాను కదా, గుర్తుందా? ఎక్కేటప్పుడు ఏ కాలు ముందు?"

"మంచి కాలు."

"దిగేటప్పుడు?"

"చెడ్డ కాలు."

"అదీ. కానీ ఆ చెడ్డ కాలు తిన్నగా చాపగలిగితేనే మీ బరువు మోస్తుంది. ఇవాళ దిగాలని చూశారంటే, మెట్లు దిగరు ఆంటీ, మెట్ల మీంచి దొర్లుతారు. నా మాట వినండి."

ఇంట్లో ఐసు అయిపోయింది. నొప్పి మాత్రలూ రెండే మిగిలాయి. తమ్ముడు సంచీ తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "నేను దిండు పెట్టింది నీకు హాయిగా ఉందన్నావనే అక్కా," అన్నాడు.

"తెలుసురా. వెళ్ళిరా. తొందరగా రా."

ఇద్దరి అడుగులూ మెట్లు దిగిపోయాయి. వీధిలో కలిసిపోయాయి.

ఇల్లు ఖాళీ అయింది. తాళాలక్క మోకాలు అదిమింది. ఒకసారి. మళ్ళీ. కొత్తల్లుడు మొహం తిప్పుకునే ఉన్నాడు. చేతిలో పాడైన తాళంచెవి చెమటకి తడిసింది. కింద ఏ చప్పుడూ లేదు. లేకపోవడమే ఆమెని భయపెట్టింది. మాట్లాడుకునే వాళ్ళు మనం రాగానే ఠక్కున ఆపేస్తే ఉండే నిశ్శబ్దం అది.

ఫోను మోగింది. కూతురు. ఎప్పుడూ చేసే వేళకే.

"అమ్మా, తిన్నావా?"

"తిన్నాను."

"పడుకునే ఉన్నావా?"

"పడుకునే ఉన్నాను."

"దిండు పెట్టుకున్నావా మోకాలి కింద?"

నిన్నటి దాకా ఈ మాటలు వింటే ఆమె గుండె నిండేది. నా కూతురు దూరాన ఉన్నా నా కాలి మీదే దాని ప్రాణమంతా అని వీధిలో వాళ్ళకి చెప్పుకునేది. ఇవాళ అవే మాటలు ఇంకోలా వినిపించాయి. తాళం వేశాక, సరిగ్గా పడిందో లేదోనని ఓసారి గట్టిగా లాగి చూస్తామే, అలా.

"పెట్టుకున్నానమ్మా," అంది.

"మావయ్య ఉన్నాడా?"

"ఉన్నాడు. టీ కాస్తున్నాడు." ఈ అబద్ధం ఎందుకు వచ్చిందో ఆమెకే తెలీదు. "నువ్వెక్కడున్నావు?"

"ఎక్కడుంటాను? డ్యూటీలో. బయట హాల్లో జనం గోల, అందుకని స్టోరు రూములోకొచ్చి మాట్లాడుతున్నా."

గోల లేదు. హోటలు సందడి ఇసుమంతైనా లేదు. ఇరుకు గదిలో, చుట్టూ ఇనుమున్న గదిలో మాట్లాడితే గొంతుకి ఒక మార్మోత వస్తుంది. ఆ మార్మోత ఆమెకి పరాయిది కాదు. అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు. ఒప్పుకోకపోవడానికి తల్లికి ఇంకొక్క దారి మిగిలే ఉంది. అదేంటో ఆమెకి తెలుసు. అది పరీక్షించి చూడాలంటేనే ఒళ్ళు చల్లబడింది.

షాపు కప్పుకి, సరిగ్గా ఈ మంచం కిందికి వచ్చేలా, ఒక ఇనప కడ్డీ ఉంది. పళ్ళు కొయ్యని తాళంచెవులు గుత్తులు గుత్తులుగా దానికి వేలాడుతుంటాయి. పైన ఎవరైనా గట్టిగా అడుగేస్తే కింద అవి గలగలమంటాయి. కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు, పై గదిలో నిద్రలేచి మంచం మీంచి దూకేది. గుత్తులు గలగలమనేవి. "లేచింది నా తల్లి," అని తాళాలక్క ఆకురాయి అవతల పడేసి మెట్లెక్కి పరిగెత్తేది. బేరానికొచ్చిన వాళ్ళు నవ్వేవాళ్ళు. నీ పిల్ల బెల్లు కొట్టింది, పో అనేవాళ్ళు.

"అమ్మా? ఉన్నావా?"

"ఉన్నానమ్మా. ఒక్క నిమిషం."

ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుంది. రెండు చేతులతో మంచం అంచు పట్టుకుని, కొత్తల్లుణ్ణి ఈడ్చుకుంటూ పక్కకి జరిగింది. కాళ్ళు నేలకి ఆనాయి. ఎడమ పాదం పూర్తిగా ఆనింది, కుడి పాదం వేళ్ళ మీద ఆగిపోయింది. వాకరు పట్టుకుంది. లేవడానికి కాదు, లేవలేదని ఆమెకి తెలుసు. చేతుల్లో ఉన్న బలమంతా కూడదీసుకుని వాకరుని పైకెత్తింది.

దేవుడా, ఏమీ వినిపించకుండా చూడు అనుకుంది. నా కూతుర్ని ఆ దూరపు ఊళ్ళోనే ఉంచు. నా కాలు ఇలాగే వంగిపోయినా సరే.

వాకరు వదిలేసింది.

నేల ధన్‌మంది. ఫోన్లో ఓ క్షణం ఏమీ లేదు. ఆ క్షణం ఎంత పొడుగ్గా సాగిందంటే, ఆమె పెదాల మీద నవ్వు మొదలవడానికి కూడా వ్యవధి దొరికింది.

తర్వాత ఫోన్లో, కూతురి ఊపిరి వెనక, ఆ పిల్ల నెత్తి మీద నుంచి, గలగలమంటూ గుత్తులు మోగాయి.

అవి మోగి మోగి, ఒక్కొక్కటే ఆగిపోయేదాకా ఇద్దరూ మాట్లాడలేదు. తల్లి ఎదురుచూసింది. ఏదో ఒకటి చెప్పవే. అబద్ధమైనా సరే చెప్పవే. హోటల్లో గ్లాసులు పడ్డాయని చెప్పు, నమ్ముతాను.

"దిండు తీసేశావా, అమ్మా?" అంది కూతురు.

ఆ గొంతులో కోపం లేదు. పని పాడైపోయిందన్న అలసట ఉంది. అంతే. ఫోను పెట్టేసింది.

తాళాలక్క విజిలు నోట్లో పెట్టుకుంది. ఊదింది. రెండుసార్లు ఊదింది, మూడోసారి ఊదింది. వంటింట్లోంచి ఎవరూ రాలేదు. వస్తారని కాదు, అలవాటు. వీధిలో ఎవరో పిల్లలాటనుకుని ఉంటారు. వాకరు అందనంత దూరం దొర్లి పడి ఉంది. లేవబోయింది. కొత్తల్లుడు అంగుళం కూడా కదలనన్నాడు. ఇన్నాళ్ళు దిండు మీద కూచోబెట్టి వాడికి ఎవరు ఏం నేర్పారో వాడదే చేశాడు.

కింద, సందులోకి ఉన్న షాపు వెనక తలుపు గడియ తీసిన చప్పుడైంది. ఆ గడియ ఆమె చేత్తో బిగించిందే. నూనె వేసి ఉంచింది కూడా ఆమే. అందుకే అంత మెత్తగా తెరుచుకుంది.

తర్వాత మెట్ల మీద అడుగులు. గోడ పట్టుకుని కాదు. ఆగి ఆగి కాదు. గబగబా ఎక్కొస్తున్నాయి.

రెండూ మంచి కాళ్ళే.